టెర్రియర్ ఇంజన్ ఒరిజినల్ డ్రాయింగ్స్ కోసం నేను పడ్డ తిప్పలు (నా అనుభవం)

ఐదు అంగుళాల గేజ్‌లో (అంటే పట్టాల మధ్య దూరం) నిజంగా బొగ్గేసి నడిపే టెర్రియర్ రైలింజన్ మోడల్ చేయాలని చాలా ఏళ్లుగా కోరిక. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా: ఇది ఇంగ్లండ్‌లో బ్రైటన్ రైల్వే కోసం విలియం స్ట్రౌడ్లీ డిజైన్ చేసిన చిన్న ట్యాంక్ ఇంజన్ (నీళ్ల ట్యాంకు తన మీదే మోసుకెళ్లే ఆవిరి ఇంజన్), 1872 నుంచి 1880 మధ్య ఆ రైల్వే వర్క్‌షాపు బ్రైటన్ వర్క్స్‌లో 50 కట్టారు, నాలుగడుగుల చక్రాలు ఆరు, పది ఇంజన్లు ఇప్పటికీ బతికున్నాయి. మోడల్ చేసేవాళ్ల కోసం రెడీమేడ్ డ్రాయింగ్ సెట్లు దొరుకుతాయి, కాదనను, కానీ అసలు ఇంజన్ ఎలా ఉండేదో దాన్ని కట్టినవాళ్ల గీతల్లోనే చూడాలనిపించింది.

ఆర్కైవ్ కేటలాగ్‌లో టెర్రియర్ అని కొట్టి మూడు రోజులు వెతికా, ఫొటోలు తప్ప ఏమీ రాలేదు. తర్వాత తట్టింది, టెర్రియర్ అనేది జనం పెట్టుకున్న ముద్దుపేరు కదా, ఆఫీసులో కూర్చుని గీసినాయన ఆ పేరు ఎందుకు రాస్తాడు, ఆయన రాసేది నంబరు, తేదీ, పార్టు పేరు, మహా అయితే క్లాసు, అంటే ఇంజన్ రకం. అప్పట్నుంచి ఇంజన్ పేరు పక్కనపెట్టి సైడ్ ట్యాంక్, సిలిండర్, ఫ్రేమ్ అని పార్టుల పేర్లతో వెతకడం మొదలుపెట్టా, ఒక్కొక్కటీ బయటపడ్డాయి. ఇంకోటి, బ్రైటన్ రైల్వే 1923లో సదరన్ రైల్వేలో కలిసిపోయింది, 1948లో అదీ బ్రిటిష్ రైల్వేస్ అయింది, అంటే ఒకే ఇంజన్ కాగితాలు మూడు యాజమాన్యాల చేతులు మారాయన్నమాట, కాబట్టి బ్రైటన్ లిస్టులో లేకపోతే అయిపోయిందనుకోకుండా సదరన్ వాళ్ల మిగతా వర్క్‌షాపుల లిస్టులు కూడా చూడండి. స్ట్రౌడ్లీకి పార్టులన్నీ ఒకే రకంగా ఉండాలనే పట్టింపు ఎక్కువ, నాక్కావలసిన ఒక ఫిట్టింగ్ ఆయన వేరే క్లాసు షీట్లో దొరికింది.

మొదట తెప్పించుకున్న షీట్ మాత్రం డబ్బు దండగ అయింది. టైటిల్ చూసి సంబరపడి ఆర్డర్ పెట్టేశా, తేదీ చూసుకోలేదు. స్కాన్ వచ్చాక తెరిస్తే స్మోక్‌బాక్స్ (బాయిలర్ ముందు పొగ చేరే పెట్టె) పొడుగ్గా ఉంది. 1911 నుంచి కొన్ని ఇంజన్లకి కొత్త బాయిలర్ పెట్టి మార్చారు, వాటినే ఏ1ఎక్స్ అంటారు, నాకొచ్చింది ఆ మార్పు తర్వాతి షీట్. నేను చేస్తున్నది బాక్స్‌హిల్, యార్క్ నేషనల్ రైల్వే మ్యూజియంలో ఉన్నది, అది పాత రూపంలోనే మిగిలిన ఇంజన్. అప్పట్నుంచి తేదీ చూడకుండా ఏ షీటూ అడగట్లేదు.

నన్నడిగితే ముందు జనరల్ అరేంజ్‌మెంట్ షీట్ తెప్పించుకోవాలి, ఇంజన్ మొత్తం ఒకచోట కనిపిస్తుంది, డీటెయిల్స్ తర్వాత. డీటెయిల్ షీట్ల మూలల్లో సన్న చేతిరాతలు వదలకండి, ఒకదాని కింద ఇంకో షీట్ నంబరు రాసుంటే ఆ నంబరుతో అడిగా, కేటలాగ్‌లో ఎంత వెతికినా దొరకనిది దాంతో దొరికింది.

ఇప్పుడు అసలు విషయం, దయచేసి డ్రాయింగ్ మీద స్కేలు పెట్టి కొలవకండి. నా జనరల్ అరేంజ్‌మెంట్ అడుగుకి ఒకటిన్నర అంగుళం స్కేలులో ఉంది, ఆ లెక్కన నాలుగడుగుల చక్రం కాగితం మీద ఆరంగుళాలు, అంటే 152 మిల్లీమీటర్లు రావాలి. నిలువుగా కొలిస్తే సరిగ్గా వచ్చింది, అడ్డంగా కొలిస్తే 150. కంటికి గుండ్రంగానే ఉంది, కానీ కాదు! పాత గుడ్డ ట్రేసింగ్ చెమ్మకి ముడుచుకుందో, ఫిల్మ్ తీసినప్పుడు వంగిందో, మొత్తానికి పొడవు ఒకటిన్నర శాతం తగ్గిపోయింది. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 12 అడుగులు, నా మోడల్‌లో (అసలు ఇంజన్‌కి 11.3వ వంతు) అది 324 మిల్లీమీటర్లు, కొలిచి కోసుంటే ఐదు మిల్లీమీటర్లు పొట్టి ఫ్రేమ్ అయ్యేది. అందుకే ఏ స్కాన్ వచ్చినా ముందు చక్రాన్ని రెండు వైపులా కొలుస్తా, ఆ తర్వాత రాసున్న అంకెలనే నమ్ముతా.

అంకెలు కూడా ఒక్కోసారి మోసం చేస్తాయి. ఫ్రేమ్ షీట్లో మడత పడ్డచోట ఒక అంకె 3 ఓ 8 ఓ తేలలేదు, పెద్దది చేసి చూసినా అంతే. ఆ వరసలో మిగతా కొలతలన్నీ కూడి, కింద రాసిన మొత్తం పొడవులోంచి తీసేస్తే 8 అని తేలింది. ఆ సాయంత్రం ఎంత ఆనందపడ్డానో చెప్పలేను, వందేళ్లకి పైగా కిందట ఆ అంకె వేసినాయన పక్కనే కూర్చున్నట్టు అనిపించింది.

ఇవన్నీ ఉన్నా బాయిలర్‌కి మాత్రం వర్క్స్ డ్రాయింగ్ పనికిరాదు. అసలు మందాన్ని 11.3తో భాగించి రేకు కొనేస్తే ప్రమాదం. రాగి బాయిలర్‌ని మోడల్ బాయిలర్ నిబంధనల ప్రకారం విడిగా లెక్కేయాలి, తర్వాత నడిపే ప్రెషర్‌కి రెట్టింపు దగ్గర నీళ్లతో టెస్ట్ చేయించాలి. ఒరిజినల్ నుంచి బయటి రూపం మాత్రమే తీసుకున్నా.

ఫ్రేములకి 3 మిల్లీమీటర్ల స్టీలు మీద రంగు పూసి గీతలు గీశా, రెండు ప్లేట్లూ కలిపి బిగించి డ్రిల్లింగ్ మొదలైంది. బ్రేక్ గేర్ షీట్ ఒక్కటే ఇంకా దొరకలేదు, పాత రూపానిది, దాని నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పి పుణ్యం కట్టుకోండి.