రెండు ఖాళీ బాటిళ్ల లెక్క

శ్రీరామనవమికి మా ఊళ్లో చందా పుస్తకం పట్టుకుని తిరిగేది నేనే. ఎవరు ఎంత రాశారు, రాసి ఇవ్వనిది ఎవరు, బెల్లం ఎన్ని కిలోలు వచ్చింది, అన్నీ నా దగ్గర ఉండేవి. జగిత్యాల జిల్లా నుంచి షార్జా వచ్చి పదకొండేళ్లయినా పుస్తకం మారింది గానీ పని మారలేదు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గోడౌన్‌లో స్టోర్ కీపర్‌ని. వచ్చిన సరుకు ఒక పేజీ, పోయిన సరుకు ఇంకో పేజీ, సాయంత్రానికి రెండూ కలవాలి.

2024లో నవమి ఏప్రిల్ 17న పడింది, బుధవారం. పానకం చేసుకుందామని రూములో నలుగురం బెల్లం, మిరియాలు తెచ్చిపెట్టుకున్నాం. పొద్దున లేచి కిటికీలోంచి చూస్తే అల్ ఖాసిమియాలో మా వీధి చెరువైపోయింది. కార్ల పైకప్పులు కనబడుతున్నాయి, ఒక చెత్త డబ్బా పడవలా పోతోంది. ఈ యూఏఈ దేశంలో చూస్తాననుకోని దృశ్యం అది. పాలకొల్లు వైపు తమ్ముడొకడు మా రూములో ఉంటాడు. "అన్నా, గోదారి వెతుక్కుంటూ వచ్చేసిందేంటి?" అన్నాడు. నవ్వుదామంటే కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్‌లో పద్దెనిమిది శాతం ఛార్జింగ్ ఉంది.

వాన సోమవారం రాత్రి మొదలై మంగళవారమంతా కొట్టింది. దుబాయ్ ఎయిర్‌పోర్టు దగ్గర ఏడాది మొత్తానికి సగటున 95 మిల్లీమీటర్లు పడుతుంది. ఆ ఒక్కరోజే 142 దాటింది. అల్ ఐన్ వైపు ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు కూడా తిరక్కుండా 254.8. వాన లెక్కలు రాయడం మొదలుపెట్టిన 1949 నుంచి దేశంలో ఇంత పడలేదట. మేఘాల్లో ఉప్పు చల్లి వాన తెప్పించారని వాట్సాప్‌లో ఒకటే గోల. ఆ తుపానులో చల్లలేదని వాతావరణ కేంద్రం వాళ్లు చెప్పారు. అయినా మా పక్క రూము పెద్దాయన ఇప్పటికీ నమ్మడు. నాకైతే పడ్డ వాన కన్నా పోని నీళ్లే పెద్ద సమస్య అనిపించింది. నేల చాప పరిచినట్టు చదును, మీదంతా తారు, సిమెంటు, పాత వీధుల్లో వాన నీటికి కాలువ లేదు. నీళ్లు ఎటు పోతాయి? ట్యాంకర్లు వచ్చి పీల్చుకుపోవాల్సిందే. మా వీధికి ట్యాంకరు చేరడానికి ఆరు రోజులు పట్టింది.

దేశం మొత్తం మీద కనీసం నలుగురు చనిపోయారు. పక్కనే ఒమన్‌లో స్కూలు పిల్లలున్న బండి వాగులో కొట్టుకుపోయింది. వాటి ముందు మాది కష్టమనుకోకూడదు. కానీ పన్నెండంతస్తుల బిల్డింగులో కరెంటు గది కింద ఉంటుంది, నీళ్ల పంపు కింద ఉంటుంది, లిఫ్టు మోటారు ఆ కరెంటుతోనే నడుస్తుంది. కింద నడుము లోతు నీళ్లుంటే పై అంతస్తు ఒక దీవి. బయటికి చూడటానికి ఏమీ కాదు, గోడ మీద తడి కూడా కనబడదు.

మొదటి రోజు సాయంత్రానికే అన్నం రావడం మొదలైంది. కుర్రాళ్లు రబ్బరు పడవల్లో, ప్లాస్టిక్ డ్రమ్ముల మీద చెక్క కట్టి, ఎలా పడితే అలా వచ్చారు. మలయాళీలు, పాకిస్తానీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మన తెలుగు వాళ్లు. ఈద్ పోయి వారమే అయింది. రంజాన్ నెలంతా ఇఫ్తార్ పొట్లాలు కట్టిన చేతులు కాబట్టి వంటకు తడుముకోలేదు. పైనుంచి తాడు కట్టి బకెట్ దింపితే అందులో బిర్యానీ పెట్టేవారు. ఇక్కడ ఒకమాట చెప్పాలి. చందా పుస్తకం నా చేతికి దురద పెట్టింది గానీ ఈ దేశంలో ఎవరు పడితే వాళ్లు చందా వసూలు చేస్తే నేరం. 2021లో దానికి ఫెడరల్ చట్టమే తెచ్చారు. ఎమిరేట్స్ రెడ్ క్రెసెంట్ లాంటి లైసెన్సు ఉన్న సంస్థలే తీసుకోవాలి. అందుకని ఎవరూ డబ్బు పోగు చేయలేదు. ఎవరి జేబులోంచి వాళ్లు కొన్నారు, ఎవరి వంటింట్లో వాళ్లు వండారు.

మంచిదే. కానీ రెండో రోజు మధ్యాహ్నానికి మా మెట్ల దగ్గర బిర్యానీ పొట్లాలు గుట్టపడ్డాయి. నాలుగు గుంపులు నాలుగు వైపుల నుంచి ఒకే గంటలో ఇచ్చి వెళ్లాయి. ఏప్రిల్ ఎండకు, ఫ్రిజ్ లేని చోట, మూడింటికల్లా వాసన పట్టింది. మా వెనక సందులో బిల్డింగుకు మాత్రం ఒక్క పొట్లం రాలేదట, పడవ తిరగదని. గోడౌన్‌లో ఇలాంటి పని చేస్తే నా ఉద్యోగం పోయేది: అడక్కుండా సరుకు పంపడం, పంపిన చోటికే మళ్లీ పంపడం.

ఆ కోపంతోనే పుస్తకం తీశాను. మా నాతూర్ (వాచ్‌మన్‌ని ఇక్కడ అలాగే అంటారు) బంగ్లాదేశ్ మనిషి. ఏ ఫ్లాటులో ఎవరున్నారో అతనికి నోటికొచ్చు. అతను చెప్పడం, నేను రాయడం. అంతస్తుకు ఆరు, మొత్తం 72 ఫ్లాట్లు. తర్వాత ఇద్దరిద్దరం మెట్లెక్కి ప్రతి తలుపూ కొట్టి ఒకటే అడిగాం: మీకు ఏం లేదు? "ఏం కావాలి" అంటే అందరూ మొహమాటంగా ఏమీ వద్దంటారు. "ఏం లేదు" అంటే చెబుతారు. ఇది నా తెలివి కాదు, పాలకొల్లు తమ్ముడిది. వాళ్లకు వరదలు కొత్త కాదు కదా.

తిండి లేదన్నవాళ్లు ముగ్గురే. అందరికీ లేనిది తాగే నీళ్లు. తర్వాత ఫోన్‌లో ఛార్జింగ్. ఇంటికి బాగున్నామని చెప్పలేక అందరికీ టెన్షన్. మూడు ఫ్లాట్లలో పాలపొడి లేదు. 906లో ఒక సూడాన్ ముసలాయన, భార్యతో ఉంటాడు, ఫ్రిజ్ ఆగిపోయి ఇన్సులిన్ పాడవుతుందని రెండు రోజులుగా నిద్రపోలేదు.

పవర్ బ్యాంకులు సులువు. నా బ్యాగులో మాస్కింగ్ టేపు, మార్కరు ఎప్పుడూ ఉంటాయి. 23 పవర్ బ్యాంకుల మీద ఫ్లాట్ నంబర్లు రాసి, బకెట్‌లో నెత్తిన పెట్టుకుని, కరెంటున్న పక్క వీధిలో మలయాళీ బకాలాకు (కిరాణా కొట్టుకు) తీసుకెళ్లాం. ఆ చేట్టన్ (మలయాళంలో అన్న) కొట్టు మెట్ల మీద ఉండబట్టి మునగలేదు. కౌంటరు కింద రెండు ఎక్స్‌టెన్షన్ బాక్సులు పెట్టి సాయంత్రానికల్లా నింపి ఇచ్చాడు. పైసా తీసుకోలేదు. నీళ్ల బాటిళ్లకు మాత్రం ఖచ్చితమైన మనిషి. ఐదు గ్యాలన్ల బాటిల్, నీళ్ల డబ్బు వేరు, ఖాళీ బాటిల్‌కు డిపాజిట్ వేరు. "డిపాజిట్ తర్వాత చూద్దాం, ఖాళీలు లెక్కగా తెచ్చివ్వు" అని నా పుస్తకంలోనే సంతకం పెట్టించుకున్నాడు.

ఇన్సులిన్‌కు ఐస్ కావాలేమోనని చేపల అంగడి దాకా పోయాను. దారిలో మందుల షాపులో ఉన్న అమ్మాయి ఆపి చెప్పింది: వాడుతున్న ఇన్సులిన్ పెన్నును అంత వేడి తగలనివ్వకుండా నీడలో ఉంచితే కొన్ని వారాలు ఏమీ కాదు, తెరవనివి మాత్రం నా ఫ్రిజ్‌లో పెడతాను తెచ్చివ్వండి, ఐస్‌లో పెట్టి గడ్డకట్టించారంటే అవే పాడవుతాయి. తొమ్మిది అంతస్తులు మళ్లీ ఎక్కాను. రాశాను: 906, పెన్నులు 4, మందుల షాపు ఫ్రిజ్. ముసలాయన ఆ పేజీని ఫోటో తీసుకున్నాడు, రసీదులాగ.

ఐదు గ్యాలన్లంటే పంతొమ్మిది కిలోలు. గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్టుంది కాబట్టి బరువు సంగతి మర్చిపోయాను. ఇక్కడ అంతస్తుకొకరం నిలబడి చేతులు మార్చుకుంటూ పైకి పంపాం. ఆరో అంతస్తు దగ్గర ఒక ఫిలిప్పీన్స్ నర్సు, డ్యూటీకి పోలేక ఇరుక్కుపోయింది, మా అందరికన్నా బాగా మోసింది.

మూడో రోజు సూపర్‌వైజర్ ఫోన్. గోడౌన్‌లో కింది వరస సరుకు తడిసింది, ఈదుకుంటూ అయినా రమ్మన్నాడు. రాలేనన్నాను. ఆ నెల జీతంలో నాలుగు రోజులు కోత పడింది. సర్కారు ఆఫీసుల వాళ్లకు ఇంటి నుంచి పని, బడులకు ఆన్‌లైన్ పాఠాలు. ప్యాలెట్లు ఇంటి నుంచి ఎత్తలేం కదా.

నవమి పానకం నవమి నాడు కాలేదు. నీళ్లు తగ్గి కరెంటు వచ్చిన రోజు చేశాం, నర్సుకూ నాతూర్‌కూ పోశాం. మిరియాలు ఎక్కువయ్యాయని నాతూర్ దగ్గాడు. 906 పెన్నులు నాలుగూ తిరిగొచ్చాయి, సంతకం తీసుకున్నాను. పవర్ బ్యాంకులు 23కి 23.

బాటిళ్లు మాత్రం 64 పోయాయి, 62 వచ్చాయి. ప్రతి అంతస్తూ వెతికాను. ఏడో అంతస్తులో ఒకటి దొరికిందనుకున్నాను గానీ అది వేరే కంపెనీది. రెండింటి డిపాజిట్ ఇవ్వబోతే చేట్టన్ తీసుకోలేదు, వెతుకు, దొరుకుతాయి అన్నాడు. మే 2న మళ్లీ వాన పడ్డ రోజు కొట్టుకు పోతే, నీళ్లు కావాలా అని అడగలేదు, ఆ రెండూ ఏమయ్యాయి అన్నాడు.