పాత పోర్షే 911కి కొత్త ముందు స్ట్రట్లు: కొనేముందు కొలవాల్సినవి, విప్పేటప్పుడు చెడేవి

పాత 911 ముందు చక్రం వెనక స్ప్రింగు కోసం వెతక్కండి, కనబడదు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి చూపించిన కారు మొదలు 1989 దాకా అమ్మిన 3.2 కరెరా వరకు, దాదాపు అన్నిటిలో ముందు బరువు మోసేది కింది ఆర్మ్‌లో కారు పొడుగునా పడుకుని ఉండే టోర్షన్ బార్, అంటే మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ. స్ట్రట్ బరువు మోయదు. ఊగును అణుస్తుంది, చక్రాన్ని నిలువుగా పట్టుకుంటుంది, అంతే. అందుకే ఈ కారుకు స్ప్రింగ్ కంప్రెసర్ అక్కర్లేదు, స్ట్రట్ మార్చినంత మాత్రాన కారు కిందికీ దిగదు. తర్వాతి 911 తరం 964కి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి కాబట్టి ఇక్కడ చెప్పేది దానికి పనికిరాదు.

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా కొనేటప్పుడే. ఫ్యాక్టరీ నుంచి ఈ కార్లు బోగె, కోని, బిల్‌స్టైన్ స్ట్రట్లతో వచ్చాయి. ఒకదాని గొట్టంలో ఇంకొకదాని ఇన్సర్ట్ (గొట్టం లోపలికి దిగే, ఊగును అణిచే భాగం) నేరుగా పట్టదు. మీ కారు ఏ సంవత్సరానిదో కాదు, మీ గొట్టం ఎవరిదో తెలియాలి. నలభై ఏళ్లలో ఎవరో ఒకరు మార్చే ఉంటారు. చక్రం విప్పి, నల్ల అండర్‌కోటు గోకి చూడండి. పైన సన్నటి రాడ్ గొట్టంలోకి దిగుతుంటే అది బోగె తరహా. మెరిసే లావుపాటి గొట్టమే లోపలికి దిగుతుంటే అది తలకిందులుగా బిగించే బిల్‌స్టైన్. బిల్‌స్టైన్ వాళ్లు బోగె గొట్టానికి కూడా ఇన్సర్ట్ చేస్తారు, కాబట్టి ఆర్డరులో 'బిల్‌స్టైన్ కావాలి' అని రాస్తే సరిపోదు, అది ఎవరి గొట్టంలోకి వెళ్తుందో కూడా రాయాలి.

గొట్టంతో సహా పూర్తి స్ట్రట్ కొంటుంటే ఇంకో కొలత ఉంది: బ్రేకు కాలిపర్ బోల్టుల మధ్య దూరం. మామూలు కాలిపర్లకు అది 76 మి.మీ., పాత 911ఎస్ అల్యూమినియం కాలిపర్లకు 89 మి.మీ. తేడా కంటికి ఆనదు, బోల్టు పెట్టబోతే గానీ తెలియదు. స్టీరింగ్ ఆర్మ్ స్ట్రట్‌తో కలిసే ఉంటుంది కాబట్టి ఎడమది కుడికి రాదు. కారును బాగా కిందికి దించాలనుకునేవారు స్పిండిల్ (చక్రం హబ్ తిరిగే ఇరుసు) 19 మి.మీ. పైకి జరిపిన స్ట్రట్లు చూడవచ్చు. మామూలు ఎత్తులో నడిపే కారుకు అవి దండగ.

ఇక విప్పడం. కారు నేల మీద ఉండగానే డిక్కీ తెరవండి (ఈ కారుకు డిక్కీ ముందుంటుంది, ఇంజన్ వెనక). కార్పెట్ తీస్తే రెండు పక్కలా స్ట్రట్ తలలు కనబడతాయి. ఒక్కోదానికి మధ్యలో పెద్ద నట్టు, చుట్టూ మూడు బోల్టులు. ఆ మూడింటి జోలికి పోవద్దు. క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం), క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) సెట్ అయ్యేది వాటితోనే. మధ్య నట్టు ఒక్కటి తీస్తే రాడ్ కిందికి జారి వస్తుంది, స్ట్రట్ తలను పట్టుకునే మౌంట్ తన చోట తను ఉంటుంది. మౌంట్ రబ్బరు పగిలినా, స్టీరింగ్ తిప్పితే బేరింగ్ గరగరలాడినా మాత్రం దాన్నీ మార్చాలి. అప్పుడు విప్పేముందు ప్లేటు చుట్టూ సూదితో గీత గీసుకోండి. అక్కడి అండర్‌కోటు మెత్తబడాలని హీట్ గన్ పెట్టొద్దు. పెట్రోలు ట్యాంకు ఆ పక్కనే ఉంది.

నట్టు కింద లాక్ వాషర్ ఉంటే దాని నాలుక ముందుగా వంచి, నట్టును ఒక్క చుట్టు వదులు చేసి వదిలేయండి. కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడు రాడ్ తిరగడం తక్కువ. తిరుగుతోందని రాడ్ మెరుపు భాగాన్ని ప్లయర్‌తో పట్టారంటే ఆ గీతలు సీలును కోసేస్తాయి, కొత్తదైనా నెలల్లో నూనె కారుతుంది.

వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు రెండు వైపులా ఒకేసారి లేపి స్టాండ్ల మీద పెట్టండి. ఒక్క వైపే లేపితే యాంటీ రోల్ బార్ ఆ ఆర్మ్‌ను మెలిపెట్టి పని పాడు చేస్తుంది. విప్పే ముందు కింది ఆర్మ్ కింద జాకీ ఆనించండి. చక్రం గాల్లో వేలాడుతున్నా టోర్షన్ బార్‌లో ఇంకా కొంత మెలి మిగిలే ఉంటుంది. స్ట్రట్ వదిలిన క్షణం ఆర్మ్ దభాలున కిందికి కొడుతుంది. సర్దుబాటు స్క్రూను వెనక్కి తిప్పి ఆ మెలి తీసేయవచ్చు, ఎన్ని చుట్లు తిప్పారో రాసుకుంటే.

బోగె గొట్టంలో ఇన్సర్ట్ మాత్రమే మారుస్తుంటే స్ట్రట్ అడుగును కింది ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్ విప్పనక్కర్లేదు. మధ్య నట్టు తీసి, రాడ్ కిందికి నొక్కి, జాకీ మెల్లగా దించితే స్ట్రట్ మడ్‌గార్డ్ అంచు కింద నుంచి బయటికి వాలుతుంది. బ్రేకు హోస్ ఎంత సాగుతోందో చూస్తూ దించాలి. పై రింగు నట్టు విప్పి పాత సామాను తీస్తే లోపల నల్లటి నూనె ఉంటుంది. అది ఒంపి, గొట్టం అడుగు దాకా తుడిచి, తుప్పు పొట్టు లేకుండా చూడండి.

ఇన్సర్ట్ దింపాక రింగు నట్టు చేత్తో బిగించి చూడండి. నట్టు అంచుకూ గొట్టం అంచుకూ మధ్య ఒకటి రెండు మి.మీ. సందు మిగలాలి. సందు లేకుండా నట్టు గొట్టం మీదికి కూర్చుంటే అది ఇన్సర్ట్‌ను నొక్కడం లేదన్నట్టే. ఇన్సర్ట్ లోపల కొట్టుకుంటుంది. ప్రతి గుంతకీ 'టక్' మంటుంటే చాలామంది మౌంటో బాల్ జాయింటో మారుస్తారు. అసలు లోపం నట్టు కింద ఆ సందు లేకపోవడం. ఎంత మందం కావాలో కొలిచి ఇన్సర్ట్ అడుగున వాషర్ వేస్తే సరి. మామూలు నూనె ఇన్సర్ట్ అయితే గొట్టంలో కాస్త ఇంజన్ ఆయిల్ పోయడం మంచిది, వేడి బయటికి పోతుంది. నిండా పోస్తే పొంగుతుంది. పెట్టెలో వచ్చిన కాగితం పొడిగా పెట్టమంటే పొడిగానే పెట్టండి.

పూర్తి స్ట్రట్ మార్చేవారికి పని ఎక్కువ. కాలిపర్ నుంచి వచ్చే ఉక్కు పైపు స్ట్రట్ మీది బ్రాకెట్‌లో హోస్‌తో కలుస్తుంది, సాధారణంగా దాన్ని విప్పాల్సిందే. 11 మి.మీ. ఫ్లేర్ స్పానరే వాడండి, మామూలు పానా నట్టు మూలలు అరగదీస్తుంది. బ్రేకు పెడల్‌ను ఒక అంగుళం కిందికి నొక్కి కర్రతో ఆపితే ద్రవం కారడం దాదాపు ఆగిపోతుంది. హబ్, బేరింగులు కొత్త స్పిండిల్ మీదికి మారతాయి. బేరింగుల బిగింపు సరైందో లేదో వాటి నట్టు కింది థ్రస్ట్ వాషర్ చెబుతుంది: స్క్రూడ్రైవర్ మొనతో తోస్తే జరగాలి, అంతకంటే వదులు ఉండకూడదు. స్టీరింగ్ ఆర్మ్‌ను లాగే టై రాడ్ జాయింట్‌కు పుల్లర్ వాడండి, ఫోర్క్ కొడితే రబ్బరు చిరుగుతుంది.

బాల్ జాయింట్ దగ్గర తొందర పనికిరాదు. పాత కార్లలో పించ్ బోల్ట్, తర్వాతి వాటిలో వెడ్జ్ పిన్. రెండూ బాల్ జాయింట్ కాడలోని గాడిలోంచే వెళ్తాయి కాబట్టి పూర్తిగా బయటికి వస్తే గానీ కాడ కదలదు. పిన్ తుప్పుతో పట్టేసి ఉంటే ముందురోజే నూనె కొట్టి ఉంచండి. తిరిగి బిగించేటప్పుడు గాడి పిన్‌కు ఎదురుగా ఉందో లేదో కళ్లతో చూడాలి. అడ్డంగా ఉన్న కాడ మీద పిన్ కొడితే అది సగంలో ఆగుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది.

బిగింపు న్యూటన్ మీటర్లలో: మధ్య నట్టు 80, మౌంట్ బోల్టులు 47, కాలిపర్ బోల్టులు 70, టై రాడ్ 45, వెడ్జ్ పిన్ నట్టు 22 మాత్రమే. ఆ 22 చూసి తక్కువనుకుని గట్టిగా లాగితే మరలు పోతాయి. చక్రం నట్లు 130. లాక్ నట్లు, స్ప్లిట్ పిన్నులు కొత్తవి వేయండి.

గ్యాస్ స్ట్రట్ కట్టిన తాడు తెంచగానే తనంతట తను సాగుతుంది, ముఖం దూరంగా ఉంచండి. ఆ గ్యాస్ వల్లే కారు ముందు భాగం కొన్ని మి.మీ. లేస్తుంది కూడా. అందుకని కొన్ని పదుల కిలోమీటర్లు నడిపాక ఎత్తు కొలవండి. యూరప్ కార్లకు ఫ్యాక్టరీ లెక్క ప్రకారం చక్రం మధ్య బిందువు టోర్షన్ బార్ మధ్య బిందువు కంటే 108 మి.మీ. ఎత్తులో ఉండాలి, 5 అటూ ఇటూ. ఎత్తు సరిచేశాకే అలైన్‌మెంట్: క్యాంబర్ సున్నా, క్యాస్టర్ సుమారు 6 డిగ్రీలు, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కొలత) సున్నా. ఈ వరస తిరగేస్తే అలైన్‌మెంట్‌కు రెండోసారి డబ్బు కట్టాలి, ఎత్తు మారితే టో కూడా మారుతుంది.