ముందర తొమ్మిది

2008 అక్టోబర్ 17, శుక్రవారం. కువైట్‌లో నా యజమాని, బాబా, నాలుగు గంటలు వదిలితే మనోళ్ళు కలిసే మాలియాకు పోయినా. ఊరి మాటలతో గోలగోలగా ఉండే చోటు, ఆ రోజు అందరూ తలలు వంచుకుని ఫోన్లు నొక్కుతున్నారు. కువైట్ నంబర్లు ఏడంకెల నుంచి ఎనిమిదంకెలకు మారింది ఆ రోజే. ఇళ్ళ ఫోన్లకు ముందు 2, సెల్లు కంపెనీల్లో జైన్‌కు 9, వతనియాకు 6. జైన్ అని పేరు మారి ఏడాది దాటినా మా నోట్లో అది ఎంటీసీనే. "వీనిది ఎంటీసీనా, వతనియానా?" అని ఒక్కో పేరు దగ్గరా ఆగడం, గుర్తు రాకపోతే రెండూ కొట్టి చూడడం. నా నోకియాలో నూట ముప్పై పేర్లు. సగం దిద్దకముందే బాబా ఫోన్, బండి తీయమని.

అది సులువే. తంటా అంతా ఊర్లో. మాయమ్మ మిస్డ్ కాల్ ఇస్తే నేను తిరిగి చేసేవాణ్ణి. ఆమెకు చదువు రాదు. గోడ మీద బొగ్గుతో రాసిన నంబరు చూసి పక్కింటి పిల్లోడు నొక్కేవాడు. "ముందర తొమ్మిది పెట్టమను మా" అని చెప్పినా. పెట్టినాడు, 00965కి కూడా ముందర! మళ్ళీ చేసి, 965 తర్వాత పెట్టరా అని విడమరిచి చెప్పినా. నా నంబరు మొదలయ్యేదే 9తో. రెండు తొమ్మిదులు పక్కపక్కన కనబడేసరికి, ఏదో తప్పు పడిందనుకుని వాడే ఒకటి కొట్టేసినాడు. ఏమని తిట్టేది? బుర్ర ఉన్నోడు చేసే పనే అది.

మా చెల్లెలి సంగతి అట్ల నవ్వుకునేది కాదు. కువైట్‌లోనే జహ్రాలో ఒక ఇంట్లో ఖద్దామా, అంటే పనిమనిషి, వచ్చి ఆర్నెల్లు. సెల్లు ఉండనీయలేదు. నేను ఇంటి ఫోన్‌కు చేస్తే ఆ ఇంటి యజమానురాలు, మామా, ఎత్తి "మాఫీ", అంటే లేదు, అని పెట్టేసేది. అందరూ పడుకున్నాక అదే హాల్లో ఫోన్ నుంచి నాకు చేసేది. నా నంబరు రాసిన చీటీ గాజుల డబ్బాలో దాచుకుంది. ఆ ఏడంకెలే ఇరవై రోజులు కొట్టిందంట. అన్న తనను వదిలేసి ఊరికి పోయినాడేమో అనుకుందంట. చివరికి ఆ ఇంటి డ్రైవరు, కేరళాయన, తొమ్మిది సంగతి చెప్పినాడు.

రాత్రి ఒంటిగంటకు ఫోన్ మోగింది.

"ఏమ్నా, ఉండావా?" గొంతు తగ్గించి అడిగింది.

"ఉండాను. ముందు ఆ చీటీ దిద్దుకో."

పెన్ను లేదనింది. కాటుకతో రాసుకుంటానని పెట్టేసింది.