ముడిచూరులో నత్తల తొట్లు

సర్కార్ ఎక్స్‌ప్రెస్ దిగి, ఎగ్మోర్‌లో లోకల్ పట్టుకుని తాంబరం చేరేసరికి పదయింది. అక్కణ్ణుంచి ముడిచూరుకు ఆటోవాడు రెండొందల యాభై అన్నాడు. ఆ డబ్బుతో మా భీమవరం నుంచి బస్సులో పాలకొల్లు వెళ్ళి రావచ్చు. ఎండలో బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను.

"అన్నయ్యా, నత్తల గుల్లలు మెత్తబడిపోతున్నాయి. రొయ్యల చెరువులు చేసినవాడివి, ఒక్కసారి వచ్చి చూడు" అని మా పిన్ని కొడుకు నాలుగు రోజులుగా ఒకటే ఫోన్లు.

పెరట్లో నాలుగు సిమెంటు తొట్లు, పైన వల, వల మీద ఇటుకలు. లోపల ఆఫ్రికా నత్తలు. మన తోటల్ని నాశనం చేసేవే. పశ్చిమాఫ్రికాలో వాటినే పెంచి, బాగా ఉడికించి తింటారు. తప్పించుకుంటే వీధి వీధంతా పాకుతాయని వాడికి భయం. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే గుల్ల అంచు వేలి కింద పుటుక్కున విరిగింది. గుల్ల వదిలిన రొయ్యను పట్టుకున్నట్టే అనిపించి ప్రాణం ఉసూరుమంది.

"సున్నం వెయ్యలేదట్రా?"

"వేశానన్నయ్యా, రాత్రికి రాత్రే సగం చచ్చాయి."

ఎరువుల కొట్లో సుణ్ణాంబు అడిగితే గోడకు కొట్టే సున్నం కట్టిచ్చారట. ఒళ్ళు మండిపోయింది నాకు. తడి మట్టిలో అది నత్త పాదాన్ని కాల్చేస్తుంది. ఎండగట్టిన చెరువులో కాల్చిన సున్నం చల్లి వచ్చిన రోజుల్లో మా నాన్న అరుగు మీద కూర్చుని, పొక్కిన పాదాలకు కొబ్బరినూనె రాసుకునేవాడు. వెయ్యాల్సింది కాల్చని సున్నపురాయి పొడి. మన ఊళ్ళోనూ రెంటినీ సున్నమనే అంటాం, చిక్కంతా అక్కడే.

ఆ దెబ్బకు వీడు ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు కొత్తగా నింపి, సున్నం మాటే ఎత్తలేదు. నా కిట్టుతో చూస్తే మట్టి పీహెచ్ ఆరుకు కిందే ఉంది, అంటే ఆమ్లగుణం ఎక్కువ. ఏడు దగ్గరుండాలి. గుల్లంతా దాదాపు కాల్షియం కార్బొనేటే. మేతలోంచే కాదు, పాదం ఆనిన మట్టిలోంచి కూడా నత్త కాల్షియం తీసుకుంటుంది. మట్టిలో నూటికి మూడు నాలుగు పాళ్ళుంటే బాగా ఎదుగుతుంది. పిల్లలు పుట్టగానే తినేది కూడా తమ గుడ్డు పెంకునే.

రాతిపొడి కలిపాం. స్టేషన్ దగ్గర ఆమ్లెట్ బండి నుంచి పెంకులు తెచ్చి, ఉడికించి, ఎండబెట్టి దంచాం. పక్షులకు పెట్టే సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ లోపలి తెల్లటి గట్టి పెంకు) కోసం కొళత్తూరు పోయి వచ్చేసరికి ఓ పూట గడిచిపోయింది.

రెండో రాత్రి టార్చి వేసి చూశాం. ఓ పెద్ద నత్త ఆ తెల్ల ముక్క మీదికెక్కి గీకుతోంది. చెవి దగ్గర పెడితే గరుకు కాగితం రుద్దినట్టు సన్నటి చప్పుడు. మా వాడు ఊపిరి బిగబట్టి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, అలాగే వింటూ నిలబడ్డాడు.