అమ్మ చేతికి కరెంటు చాకు

మా అమ్మకు కీళ్లవాతం. ఒకప్పుడు జొన్నపిండి ముద్దను అరచేత్తో తట్టి పెనమంత రొట్టె చేసేది. ఇప్పుడు పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతాయి, కాఫీ గ్లాసు పట్టుకోవడమే కష్టం. జొన్నరొట్టెలు మానేశాక ఇద్దరం కలిసి గోధుమపిండితో బ్రెడ్ చేయడం మొదలుపెట్టాం. పిండి పిసికేది నేను, పొంగింది చాలని చెప్పేది ఆమె. కర్నూలు ఎండాకాలంలో ఆ మాట కోసం ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

తంటా అంతా కోసే దగ్గరే. మామూలు చాకుతో పైచెక్కు తెగాలంటే నొక్కాలి. నొక్కితే లోపలి మెత్తదనం అణిగిపోతుంది, అమ్మ మణికట్టు గుంజుతుంది. రెండు ముక్కలు కోసి చాకు నా వైపు జరిపేది. అలా జరిపిన ప్రతిసారీ నా మనసు చివుక్కుమనేది.

అమెరికాలో ఉండే మా చిన్నాన్న కూతురు విషయం తెలిసి, వచ్చేటప్పుడు ఒక కరెంటు చాకు తెచ్చింది. ప్లగ్గు మన సాకెట్‌లో పట్టలేదు. ఊళ్లో ఒక ఎలక్ట్రికల్ షాపుకు తీసుకెళ్తే పిన్ను మార్చే అడాప్టర్ ఇచ్చి, ఏం కాదు పెట్టుకోండమ్మా అన్నారు. స్విచ్ వేయగానే అది కీచుమంటూ తిరిగింది, పది సెకన్లలో మాడు వాసన. పిడి కింద చిన్న అక్షరాల్లో '120 ఓల్టులు' అని ఉంది. మన ఇళ్లలో వచ్చేది 230. అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, ఓల్టేజీని తగ్గించదు. దానికి వేరే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్రేమగా తెచ్చిన వస్తువు ఒక్క ముక్కైనా కోయకుండానే పోయింది. ఎవరైనా బయటి దేశం నుంచి తెస్తామంటే ముందు ఆ లేబుల్ ఫోటో పంపమని అడగండి.

రెండోది ఇక్కడే ఆన్‌లైన్‌లో వెతికాను. ఓల్టేజీ సరే, అమ్మ చేతికి సరిపోతుందా అన్నదే నా టెన్షన్. నాకు నచ్చినదాని బరువు దాదాపు ముప్పావు కిలో. అంతే బియ్యం తూచి, చిన్న గుడ్డసంచిలో కట్టి ఆమె చేతికిచ్చాను.

"దీన్ని పట్టుకుని నేనేం చేయాల పాపా?"

"ఊరికే పట్టుకోమా, ఎంతసేపు పడతావో చూద్దాం."

నిమిషం దాకా ఇబ్బంది లేకుండా పట్టుకుంది. ఒక బ్రెడ్ మధ్యమధ్యలో ఆగుతూ కోయడానికి అది చాలు. తర్వాత స్విచ్ చూశాను. ఈ చాకులకు స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపే మోటారు తిరుగుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. భద్రతకు అది మంచిదే, కానీ గట్టి స్విచ్ అయితే అమ్మ వేలు ఓర్చుకోలేదు. అందుకే చూపుడువేలు ఒక్కటే కాకుండా నాలుగు వేళ్లూ ఆనేలా వెడల్పాటి స్విచ్ ఉన్నది తీసుకున్నాను. బ్లేడ్లు విడిగా దొరుకుతాయా అన్నదీ అప్పుడే అడిగి తెలుసుకున్నాను. అది ఎంత అవసరమో తర్వాత అర్థమైంది.

ఇందులో రంపం పళ్లున్న రెండు బ్లేడ్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ముందుకెళ్తే ఇంకోటి వెనక్కొస్తుంది. అందుకే బ్రెడ్ ఎటూ లాగబడదు, చెక్కు విరగదు. మనం నొక్కక్కర్లేదు, చాకు బరువే దాన్ని దించుతుంది. అయినా మొదటిరోజు మాకు ముద్దముద్దగానే తెగింది. తప్పు చాకుది కాదు, ఓవెన్‌లోంచి తీసిన అరగంటకే కోశాం. లోపల ఆవిరి ఉన్నంతసేపు బ్రెడ్ ఇంకా కుదురుకుంటూనే ఉంటుంది, బ్లేడుకు జిగురులా అంటుకుంటుంది. ఇప్పుడు సాయంత్రం కాల్చి, పూర్తిగా చల్లారాక నూలుగుడ్డ కప్పి, మర్నాడు పొద్దున కోస్తున్నాం. పైచెక్కు మరీ గట్టిగా ఉంటే బ్రెడ్‌ను పక్కకు పడుకోబెట్టి కోస్తే ఇంకా నీటుగా వస్తుంది.

ఒకసారి చెక్కపలక కడిగి ఆరబెట్టి ఉంటే, ఈ ఒక్కసారికేలే అని వంటగట్టు మీదే పెట్టి కోశాను. మా గట్టు నల్లటి కడప బండ. చివరి ముక్క తెగగానే బ్లేడు కర్రుమని రాయికి రాసుకుంది. తర్వాత చూస్తే కొనవైపు నాలుగైదు పళ్లు మొండిగా మెరుస్తున్నాయి. సైకిల్ మీద సానరాయి పెట్టుకుని మా వీధికొచ్చే ఆయనకు చూపించాను. బ్లేడును వెలుతురుకు పెట్టి, బొటనవేలి గోటితో ఒక్కో పన్నూ తడిమాడు. "ఇది సాన పట్టేది కాదు తల్లీ, చక్రం పెడితే ఉన్న పళ్లు కూడా పోతాయి" అని తిరిగిచ్చేశాడు. పైసా అడగలేదు. కొత్త బ్లేడ్ల జత తెప్పించాను. అప్పటినుంచి చెక్కపలక లేకుండా చాకు బయటికే తీయను.

కడిగే పని నాదే. ముందు ప్లగ్గు తీసేస్తాను, తర్వాతే బ్లేడ్లు. మోటారున్న పిడికి నీళ్లు తగలకూడదు, తడిగుడ్డతో తుడిచి, బ్లేడ్లు దూరే సందులో చేరిన పొడిని పాత టూత్‌బ్రష్షుతో దులుపుతాను. బ్లేడ్లు రెండూ విడదీసి కడిగి వెంటనే తుడవాలి. మా బోరునీళ్లు ఉప్పన, ఆరనిస్తే తెల్లటి మరకలు కడతాయి. రెండూ కలిసే కొన దగ్గర తడి దాగుతుంది, అక్కడ గుడ్డ కొన దూర్చి మరీ తుడుస్తాను. బాగా జారుతుందని ఒకసారి శనక్కాయ నూనె చుక్క వేశాను. నాలుగు రోజులకే బంక పట్టింది, మళ్లీ వేయలేదు.

పోయిన ఆదివారం అమ్మే చెక్కపలక పరుచుకుంది. బ్లేడ్లు నేను బిగించాను, టక్కుమని పడ్డాయో లేదో ఇద్దరం లాగి చూశాం. మోటారు తిరగడం మొదలయ్యాకే చాకును బ్రెడ్ మీద ఆనించింది. మూడేసి ముక్కలకు ఒకసారి ఆగి, వేళ్లు చాపి ముడిచి, మళ్లీ పట్టుకుంది. మొత్తం పద్నాలుగు ముక్కలు. మొదటి రెండూ కాస్త మందం, మిగతావన్నీ వేలెడు మందాన సమంగా వచ్చాయి. నాన్నకు షుగరు కాబట్టి అందులో పలచటివి రెండు ఏరి ఆయన ప్లేటులో పెట్టి, చాకు పక్కన పెట్టింది. ఈసారి నా వైపు జరపలేదు.