నా అనుభవం: లేని డబుల్ ఫాల్ట్ వెంట మూడు రోజులు

నేను రాసుకుంటున్న చిన్న కెర్నల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) సొంత కీబోర్డ్ హ్యాండ్లర్, అంటే కీ నొక్కినప్పుడు నడిచే కోడ్, కలపాలని కూర్చున్నాను. సీపీయూ మొదట ఉండే పాత రియల్ మోడ్‌లో ఉన్నంతసేపు ఆ పని బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) చూసుకుంటుంది. 32 బిట్ల ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి వచ్చాక బయోస్ ఇంటరప్టులను (చేస్తున్న పని ఆపి వేరే కోడ్‌కి వెళ్లమని సీపీయూకి చెప్పే పిలుపులను) పిలవలేం. అవి 16 బిట్ల రియల్ మోడ్ కోసం రాసినవి. తెరమీద అక్షరం పెట్టాలన్నా, కీ చదవాలన్నా మనమే రాసుకోవాలి.

ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి మారే మెట్లు, అంటే జీడీటీ (మెమరీ భాగాల పట్టిక), సీఆర్0 అనే కంట్రోల్ రిజిస్టర్‌లో మొదటి బిట్, ఆ వెంటనే కొత్త మోడ్ కోడ్‌లోకి దూకే ఫార్ జంప్, ఇవన్నీ ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. 32 ఎక్సెప్షన్లకీ (తప్పు జరిగినప్పుడు సీపీయూ తనే ఇచ్చే ఇంటరప్టులకి) హ్యాండ్లర్లు పెట్టి, ఐడీటీ (ఏ ఇంటరప్ట్‌కి ఏ హ్యాండ్లరో చెప్పే పట్టిక) లోడ్ చేసి, ఇంటరప్టులు ఆన్ చేశాను. కన్నుమూసి తెరిచేలోగా తెరమీద ‘డబుల్ ఫాల్ట్’ అని వచ్చింది, అంటే ఒక తప్పును అందుకోబోతుంటే ఇంకో తప్పు జరిగిందని.

రెండు రోజులు డిస్క్రిప్టర్లను (ఆ పట్టికల్లోని వరుసలను) బైటు బైటుగా సరిచూశాను. స్టాక్‌ని (ఇంటరప్ట్ వస్తే తిరిగి రావాల్సిన అడ్రస్‌ని సీపీయూ దాచే మెమరీని) వేరే చోటికి మార్చాను. ఎంత చూసినా తప్పు దొరకలేదు, టెన్షన్ మాత్రం పెరిగింది. మూడో రోజు హ్యాండ్లర్‌లో స్టాక్ మీదున్న విలువలను ప్రింట్ చేయించాను. డబుల్ ఫాల్ట్ అయితే సీపీయూ పెట్టే ఎర్రర్ కోడ్ ఎప్పుడూ సున్నాయే. నాకు అక్కడ ఏదో అడ్రస్ కనిపించింది. డిసాసెంబుల్ చేసి చూస్తే అది సీపీయూని నిద్రపుచ్చే నా హాల్ట్ ఇన్‌స్ట్రక్షన్ తర్వాతిదాని అడ్రస్!

అంటే ఫాల్ట్ ఏమీ జరగలేదు. నిద్రపోతున్న సీపీయూని టైమర్ లేపింది, అంతే. మొదటి 32 వెక్టర్లను (ఇంటరప్టుల వరుస నంబర్లను) ఇంటెల్ తన కోసం ఉంచుకుంది. అయినా 1981 నాటి ఐబీఎం పీసీలో టైమర్‌ని 8వ వెక్టర్‌కి కలిపారు. 1982లో ఇంటెల్ 80286 సీపీయూ వచ్చినప్పుడు అదే 8 డబుల్ ఫాల్ట్‌ది అయింది. ఆ ముడి ఇప్పటికీ అలాగే ఉంది, ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి వెళ్లే ప్రతివాళ్లూ విప్పుకోవాల్సిందే. ఈ మాట పాఠాల మొదట్లోనే చెబితే ఎంత బాగుండేది!

టైమర్, కీబోర్డ్ లాంటి వాటి ఇంటరప్టులను సీపీయూకి చేరవేసే రెండు ఇంటరప్ట్ కంట్రోలర్లనూ మళ్లీ ఇనీషియలైజ్ చేసి, మొదటిదాన్ని 32 నుంచి, రెండోదాన్ని 40 నుంచి మొదలయ్యేలా మార్చాను. డబుల్ ఫాల్ట్ పోయింది. కానీ టైమర్ ఒక్కసారి వచ్చి ఆగిపోయింది, కీబోర్డ్ ఉలకలేదు పలకలేదు. పని అయిందని కంట్రోలర్‌కి చెప్పే ఈఓఐ పంపడం మరిచిపోయాను. దాన్ని పంపే ఒక్క అవుట్ ఇన్‌స్ట్రక్షన్ కలిపాను.

‘A’ కీ నొక్కాను. తెరమీద 30, ఆ కీ నొక్కితే కీబోర్డ్ పంపే కోడ్. వేలు తీశాను. 158, కీ వదిలినప్పటి కోడ్. మళ్లీ నొక్కాను, మళ్లీ 30.