ప్రాగ్‌లో రెండు రోజులు: ఏది ఏ గంటకు చూడాలి

శనివారం మధ్యాహ్నం చార్ల్స్ వంతెన ఎక్కితే ముందు నడిచేవాళ్ళ వీపులు తప్ప ఏమీ కనపడవు. రొట్టెల పండగనాడు స్వర్ణాల చెరువు గట్టున నడుస్తున్నట్టే ఉంటుంది. అదే వంతెన మీద జూన్ నెలలో తెల్లవారి అయిదింటికి నిలబడితే మన చెప్పుల చప్పుడు మనకే వినపడుతుంది.

జర్మనీలో ఎమ్మెస్‌కు వెళ్ళిన నెల్లూరు, కావలి, ఒంగోలు పిల్లలు అయిదారుగురు కలిసి ట్రిప్ అనుకోగానే ముందు వచ్చే పేర్లలో చెక్ దేశ రాజధాని ప్రాగ్ ఒకటి. శుక్రవారం రాత్రి బస్సెక్కుతారు, శనివారం పదింటికి లేస్తారు, జనంతో పాటే అన్ని చోట్లకీ తోసుకుంటూ తిరుగుతారు. చివరికి "ఫొటోల్లో చూసినంత ఏం లేదురా" అనుకుంటూ తిరిగొస్తారు. ఊరిది తప్పేం లేదు. వెళ్ళిన వేళ బాగాలేదు, అంతే.

ముందు కాగితాల సంగతి. జర్మనీ స్టూడెంట్ రెసిడెన్స్ పర్మిట్ కార్డు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు రెండూ ఉంటే చెక్ దేశానికి వేరే వీసా అక్కర్లేదు. ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లోని మిగతా దేశాల్లో ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజుల దాకా తిరగొచ్చు. చిక్కు ఎక్కడంటే, కార్డు గడువు అయిపోయి, కొత్తది రాక, చేతిలో తాత్కాలిక కాగితం ఒక్కటే ఉన్నవాళ్ళకు. ఆ కాగితాల్లో రకాలున్నాయి, అన్నిటితోనూ సరిహద్దు దాటి తిరిగి రాలేరు. కాగితం ఇచ్చిన ఆఫీసుకు మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే టికెట్ కొనండి. అసలు కాగితాలు దగ్గరుండాలి, ఫోన్లో ఫొటో పనికిరాదు. వెళ్ళేటప్పుడు ఎవరూ అడగకపోవచ్చు, వచ్చేటప్పుడు జర్మన్ పోలీసులు బస్సాపి అడగొచ్చు. పబ్లిక్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళ కార్డు వెనక వైపు యూరోపియన్ హెల్త్ కార్డు ఉంటుంది, అది చెక్ దేశంలో పనిచేస్తుంది. ప్రైవేటు ఇన్సూరెన్స్ వాళ్ళు తమ పాలసీ చూసుకోవాలి.

జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ దాదాపు 150 కిలోమీటర్లు. రైల్లో రెండున్నర గంటలు, బస్సులో ఇంచుమించు రెండు గంటలు. వెళ్ళేటప్పుడు రైలే ఎక్కండి. డ్రెస్డెన్ దాటాక లైను ఎల్బే నది ఒడ్డునే, ఇసుకరాతి కొండల కింద నుంచి వెళ్తుంది. ప్రాగ్ వైపు వెళ్తుంటే నది ఎడమ చేతి వైపు వస్తుంది. డాయిష్‌లాండ్ టికెట్ (నెలవారీ పాసు) ఉంది కదా అని ఆ ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే ఫైన్ పడుతుంది. ఆ టికెట్ లోకల్ రైళ్ళకు, అదీ సరిహద్దు దాకానే.

శుక్రవారం మధ్యాహ్నానికి ప్రాగ్ చేరేలా చూసుకోండి. పని దినాల్లో పదకొండు నుంచి రెండింటి దాకా మామూలు హోటళ్ళలో 'పొలెద్ని మెన్యు' అని మధ్యాహ్న భోజనం చవగ్గా పెడతారు. శని, ఆదివారాల్లో చాలాచోట్ల అది ఉండదు. ఆ వారాంతం మొత్తంలో కడుపునిండా చవగ్గా తినే పూట అదొక్కటే.

డబ్బు దగ్గర పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది దొంగలకు కాదు, ఏటీఎం ముందు. అక్కడ నడిచేది యూరో కాదు, కొరునా. ఒక యూరోకు ఇరవైనాలుగు, ఇరవైఅయిదు కొరునాలు లెక్కేసుకోండి. కార్డు పెట్టగానే స్క్రీన్ మీద "మీ కరెన్సీలో లెక్క కట్టమంటారా?" అని వస్తుంది. యూరోల్లో అని నొక్కితే ఆ మిషన్ వాడు తనకు నచ్చిన రేటు వేసుకుంటాడు. ఎప్పుడూ కొరునాలే నొక్కాలి. షాపులో కార్డు గీకేటప్పుడూ ఇదే ప్రశ్న వస్తుంది, ఇదే జవాబు. నోట్లు మార్చే కౌంటర్ దగ్గర "కమిషన్ సున్నా" అనే బోర్డు చూసి మురిసిపోవద్దు, కోత రేటులోనే ఉంటుంది. "నూరు యూరోలిస్తే చేతికి ఎన్ని కొరునాలిస్తావు?" అని ముందే అడగండి. మోసపోయామని తర్వాత తెలిసినా, 2019 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు రసీదు చూపించి రద్దు చేసుకోవచ్చు. వీధిలో ఎదురొచ్చి "నేను మంచి రేటిస్తా" అనేవాడు ఇచ్చే నోట్లు హంగరీవో, అసలు చెల్లనివో అయి ఉంటాయి.

ట్రాము, మెట్రో, బస్సు అన్నిటికీ ఒకటే టికెట్. అది దూరానికి కాదు, కాలానికి. కాగితం టికెట్ కొనగానే సరిపోదు, పసుపుపచ్చ పెట్టెలో దూర్చి ముద్ర కొట్టుకోవాలి, అప్పట్నుంచే గడియారం మొదలు. మెట్రోలో ఆ పెట్టె మెట్ల దగ్గర ఉంటుంది, ట్రాములో లోపలే. ముద్ర లేని టికెట్ జేబులో ఉన్నా ఫైన్ ఫైనే. మారి ఎక్కినప్పుడల్లా మళ్ళీ ముద్ర కొట్టకూడదు, ఒక్కసారే. 24 గంటల టికెట్‌కు తేదీతో పనిలేదు. ఈరోజు రెండింటికి కొడితే రేపు రెండింటి దాకా తిరగొచ్చు. అందుకే పొద్దున నడక ఉన్న రోజు టికెట్‌ను మధ్యాహ్నం మొదలుపెట్టడం తెలివి.

ఇక వంతెన. నాలుగో చార్ల్స్ చక్రవర్తి కాలంలో, 1357లో జూలై 9న పునాదిరాయి వేశారు. తెల్లవారి 5 గంటల 31 నిమిషాలకు అని చెప్తారు. సంవత్సరం, రోజు, నెల, గంట, నిమిషం వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. ఎటు నుంచి చదివినా ఒకటే. జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తమని అక్కడివాళ్ళ మాట. ముహూర్తం లేకుండా బోరు కూడా వేయించని మనకు ఇందులో వింతేముంది! పొడవు 516 మీటర్లు. రెండు పక్కలా ఉన్న 30 విగ్రహాలు వంతెన కట్టిన మూడొందల ఏళ్ళకు వచ్చినవి, ఇప్పుడు కనపడేవాటిలో చాలావరకు నకళ్ళు. తెల్లవారు వేళ ఓల్డ్ టౌన్ వైపు బురుజు దగ్గర నిలబడి అవతలి ఒడ్డున కొండ మీది ప్రాగ్ కోట వైపు ఫొటో తీయాలి. సూర్యుడు వెనక ఉంటాడు, కోట మీద ఎండ పడుతుంది. సాయంత్రం అదే చోట తీస్తే కోట నల్లగా వస్తుంది. డిసెంబర్లో వెళ్ళేవాళ్ళు అంత పొద్దున్నే లేవనక్కర్లేదు, ఎనిమిదికి గానీ తెల్లారదు. ఎండాకాలంలో మనకూ వాళ్ళకూ తేడా మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. జూన్‌లో వంతెన మీద అయిదున్నర అయితే నెల్లూరులో తొమ్మిది. అమ్మ టిఫిన్ పని ముగించి ఫోన్ ఎత్తే వేళ, వీడియో కాల్ చేయడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో గడియారం ఉంది, 'ఓర్లోయ్' అంటారు. దీని దగ్గర మాత్రం అందరూ చేసేదానికి సరిగ్గా తిరగేసి చేయండి. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా ప్రతి గంటకూ పైన రెండు కిటికీలు తెరుచుకుంటాయి, పన్నెండుమంది అపొస్తలుల (యేసు శిష్యుల) బొమ్మలు వరసగా తిరుగుతాయి, ఎముకల గూడు బొమ్మ తాడు లాగి గంట కొడుతుంది, చివర్న కోడి కూస్తుంది. అంతా కలిపి నిమిషం కూడా ఉండదు. దానికోసం వందలమంది తలలెత్తి ఫోన్లు పట్టుకుని నిలబడతారు, జేబుదొంగలకు కావలసిందీ అదే. గంట కొట్టిన పావుగంటకు వెళ్ళండి. చోటు ఖాళీ అవుతుంది, అప్పుడు గడియారం పలకం (డయల్) చదవండి.

మన పిల్లలకు ఆ పలకం చదవడం తేలిక, ఎందుకంటే అది గోడకు వేలాడదీసిన పంచాంగం. 1410లో కదాన్ ఊరి మికులాష్ అనే గడియారాల పనివాడు, యాన్ షిందెల్ అనే ఖగోళ పండితుడి లెక్కలతో చేశాడు. బయటి నల్ల చక్రం మీద బంగారు అంకెలు 24 ఉంటాయి. అది పాత చెక్ కాలం, సూర్యాస్తమయంతో రోజు ముగిసే లెక్క. అస్తమయ వేళ రోజూ కొద్దికొద్దిగా మారుతుంది కాబట్టి ఆ చక్రమూ ఏడాది పొడుగునా అటూ ఇటూ కదులుతుంది. లోపల ఒంపుగా ఉన్న బంగారు గీతలు పగటిని పన్నెండు భాగాలు చేస్తాయి. పగలు ఎంత పొడుగైనా పన్నెండే. జూన్‌లో ప్రాగ్ పగలు పదహారు గంటల పైచిలుకు కాబట్టి ఒక భాగం దాదాపు 80 నిమిషాలు, డిసెంబర్లో 40. రాహుకాలం కట్టే పద్ధతీ ఇదే కదా: సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఎనిమిది భాగాలు. నెల్లూరులో పగలు ఏడాదంతా పెద్దగా మారదు గనుక రాహుకాలం గంటన్నర అని అలవాటైపోయింది. ప్రాగ్‌లో అదే లెక్క కడితే జూన్‌లో రెండు గంటలు దాటుతుంది.

చిన్న చక్రం మీద పన్నెండు రాశులున్నాయి. ముల్లు మీది బంగారు సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చూడొచ్చు. ఇంటి క్యాలెండర్‌తో పోలిస్తే మాత్రం తేడా వస్తుంది. మనకు సంక్రాంతికి, జనవరి 14 ప్రాంతంలో, మకరంలో అడుగుపెట్టే సూర్యుడు అక్కడ డిసెంబరు 21 ప్రాంతానికే పెడతాడు. గడియారం తప్పేమీ కాదు. వాళ్ళది సాయన లెక్క (విషువత్తు నుంచి కొలిచేది), మనది నిరయన (నక్షత్రాలను బట్టి కొలిచేది), మధ్య అంతరం ఇప్పుడు దాదాపు 24 డిగ్రీలు. చంద్రుడి ముల్లు చివర సగం వెండి, సగం నలుపు గోళం ఉంటుంది, అది తనచుట్టూ తిరుగుతూ పున్నమి, అమావాస్య చూపిస్తుంది. ఆ రోజు తిథి ముందే చూసుకుని వెళ్ళి సరిపోల్చండి, సరదాగా ఉంటుంది.

అక్కణ్ణుంచి మూల తిరిగి స్క్వేర్ వైపు టౌన్‌హాల్ గోడ పక్కన నేల చూడండి. రాళ్ళలో తెల్ల శిలువలు 27 ఉంటాయి. చక్రవర్తి మీద తిరగబడినందుకు 1621 జూన్ 21న అక్కడ తలలు తీసిన, ఉరి తీసిన 27 మంది గుర్తు. తొక్కుకుంటూ పోయేవాళ్ళే ఎక్కువ.

కోటకు కింద నుంచి మెట్లెక్కి ఆయాసపడక్కర్లేదు. 22 నంబరు ట్రాము పట్టుకుని పొహోర్జెలెత్స్ స్టాపులో దిగి, స్త్రాహోవ్ మఠం మీదుగా కిందికి దిగుతూ రండి. ప్రాంగణాలు పొద్దున ఆరింటికే తెరుస్తారు, వాటికి టికెట్ లేదు. టికెట్ భవనాలు తొమ్మిదికి. 26 ఏళ్ళ లోపు విద్యార్థులకు తగ్గింపు ఉంది, ఐడీ కార్డు చూపించాలి. సెయింట్ వీటస్ కెథడ్రల్ ఆదివారం పన్నెండు దాకా సందర్శకులకు తెరవరు, ప్రార్థనలుంటాయి. కోట కార్యక్రమం ఆదివారం పొద్దున పెట్టుకుని గేటు ముందు నిలబడిపోయే జట్లు చాలా. శనివారం తొమ్మిదికే పెట్టుకోండి. ఆ కెథడ్రల్‌కు 1344లో రాయి వేస్తే 1929కి గానీ పని ముగియలేదు. పాత రాజభవనంలో 1618లో చక్రవర్తి మనుషులు ముగ్గుర్ని బయటికి విసిరేసిన కిటికీ ఉంది. ముగ్గురూ బతికారు గానీ ఆ గొడవ ముప్పై ఏళ్ళ యుద్ధమైంది.

తిండి దగ్గర నాలుగైదు చెక్ మాటలు తెలిస్తే చాలు. 'హొవ్యెజీ' గొడ్డు మాంసం, 'వెప్ర్జొవే' పంది, 'కుర్జెత్సీ' కోడి, 'షుంకా', 'స్లానినా' రెండూ పందే. మెనూలో 'బెజ్‌మాసా యీడ్లా' అనే భాగం మాంసం లేని వంటకాలది. అక్కడ తప్పకుండా కనపడేది 'స్మాఝెనీ సీర్'. చీజు ముక్కకు రొట్టె పొడి అద్ది నూనెలో వేయిస్తారు, పూతలో గుడ్డుంటుంది. బంగాళదుంప సూపు అని ఉంటే శాకాహారమనుకోవద్దు, మాంసం ఉడికించిన నీళ్ళతోనో, పంది ముక్కలతోనో చేసే చోట్లున్నాయి, అడగాలి. బల్ల మీద అడక్కుండా పెట్టిన రొట్టెకూ బిల్లు పడొచ్చు. వీధుల్లో తిప్పి కాల్చే 'త్రుదెల్నీక్' తీపి పాత చెక్ వంటకమని బోర్డులుంటాయి గానీ పర్యాటకుల కోసం వచ్చిందే. కారందోశ నాలుకకు అక్కడి ఏ వంటా చప్పగానే ఉంటుంది, బ్యాగులో చిన్న పొడి సీసా ఉండనివ్వండి. మొదటి పూటకు ఇంట్లో కలిపిన పులిహోర డబ్బా మించినది లేదు. క్రిస్మస్‌కు వాళ్ళు ఇష్టంగా వేయించుకు తినేది చెరువుల్లో పెంచిన బంగారుతీగ చేప. నెల్లూరువాళ్ళు ఆ ఒక్కదానికీ పేరు పెట్టలేరు.

వీధులన్నీ చిన్న చిన్న రాతి దిమ్మల పరుపు. చక్రాల సూట్‌కేస్ అరగంటలో చక్రం ఊడదీసుకుంటుంది, భుజాన బ్యాగే నయం. హాస్టల్ బిల్లు మీద మనిషికి రాత్రికి 50 కొరునాల పన్ను వేరే ఉంటుంది, మోసం కాదు. రాత్రి పది దాటాక నిశ్శబ్దం పాటించాలి, అక్కడ ఆ నియమాన్ని గట్టిగానే పట్టించుకుంటారు.

ఆదివారం పొద్దున కోటకు బదులు వీషెహ్రాద్ అనే ఇంకో పాత కోటకు వెళ్ళండి. మెట్రో సీ లైనులో అదే పేరున్న స్టేషను. గోడల మీద నడిస్తే కింద వల్తావా నది, జనం తక్కువ, టికెట్ లేదు.

తిరుగు బస్సుకు టికెట్ మీద స్టాపు పేరు రెండుసార్లు చదవండి. ఎక్కువ బస్సులు ఫ్లోరెంత్స్ నుంచి బయల్దేరతాయి గానీ, కొన్ని రైల్వే స్టేషను దగ్గర నుంచి, కొన్ని నా క్నీజెత్సీ నుంచి. చివరిది ఊరికి అటు పక్కన, ఆంద్యెల్ మెట్రో దగ్గర. తప్పు స్టాపులో నిలబడితే ఆదివారం రాత్రి బస్సు దొరకదు, సోమవారం క్లాసు పోతుంది. జేబులో మిగిలిన కొరునా నాణేలు జర్మనీలో ఎవరూ మార్చరు. స్టేషనులో టాయిలెట్‌కు ఎలాగూ కావాలి, మిగతావాటితో నీళ్ళ సీసాలు కొనేసుకుని బస్సెక్కండి.